రిజిస్టర్‌లో బతికున్న కంప్యూటర్లు

మా ల్యాబ్‌లో రిజిస్టర్ ప్రకారం 60 కంప్యూటర్లున్నాయి. అన్నిటి ఎదురుగా "వర్కింగ్" అనే రాసుంది. ఇంటర్నల్ ప్రాక్టికల్స్ రోజు మాత్రం ఒక్కో సిస్టమ్ ముందు ఇద్దరిద్దరం కూర్చుంటాం. కొత్తవి కావాలని అడిగితే ఆఫీసు జవాబు ఎప్పుడూ ఒకటే: "ఉన్నాయిగా, 60!" కాగితం మీద బతికున్నదాన్ని కండెమ్ చేయలేరు. కండెమ్ చేయకపోతే దాని బదులు కొత్తది రాదు. అంటే తప్పుడు లెక్క వల్ల నష్టపోయేది ఆడిటర్ కాదు, మనమే.

ఇందులో దొంగలెవరూ లేరు. తేడా అంతా లెక్క తీసే పద్ధతిలోనే ఉంది. పోయిన సెమిస్టర్ స్టాక్ వెరిఫికేషన్‌కి వాలంటీర్లుగా వెళ్లినవాళ్లలో నేనూ ఒకడిని. చేతికో ప్రింటవుట్ ఇచ్చి టిక్కులు పెట్టుకుంటూ పొమ్మన్నారు. "17 ఉందా?" "ఉంది." టిక్. "18?" "అదిగో, ఆ మూల." టిక్. పని చకచకా అయిపోతుంది. కానీ చేతిలో జాబితా ఉంటే కళ్లు అందులో ఉన్నవాటినే వెతుకుతాయి. లేనిది ఎదురుగా ఉన్నా ఎవరూ రాయరు. పక్క బ్రాంచి నుంచి వర్క్‌షాప్ కోసం తెచ్చి వదిలేసిన ప్రొజెక్టర్ వాళ్ల దగ్గర "మిస్సింగ్", మన దగ్గర అనాథ.

అందుకే నేననేది, గదిలోకి ఖాళీ షీట్‌తో వెళ్లాలి. కనబడిన ప్రతి వస్తువునీ స్కాన్ చేసి, రిజిస్టర్‌తో పోల్చడం బయటికొచ్చాక చేయాలి. అప్పుడే రెండు జాబితాలు తేలతాయి: రాసుండి దొరకనివి, దొరికి రాసిలేనివి. టిక్కుల పద్ధతిలో ఈ రెండోది ఎప్పటికీ బయటపడదు.

స్కాన్ అని ఎందుకంటున్నానంటే, సీరియల్ నంబర్ చేత్తో ఎత్తి రాస్తే సున్నా కాస్తా ఇంగ్లీష్ 'ఓ' అవుతుంది, 8 'బీ' అవుతుంది, 5 'ఎస్' అవుతుంది. కోడ్ 128 రకం బార్‌కోడ్‌లో సరిచూసుకునే చెక్ అంకె ఒకటి లోపలే ఉంటుంది. తప్పుగా చదివితే దాదాపు ఎప్పుడూ అక్కడే పట్టేస్తుంది. మన చేతిరాతకి ఆ కాపలా లేదు. ఇంకో తంటా ఎక్సెల్. కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా పెట్టకపోతే నంబర్ ముందున్న సున్నాలు మాయమవుతాయి, 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలైపోతాయి.

స్టిక్కర్‌నీ గుడ్డిగా నమ్మలేం. లినక్స్‌లో డీఎంఐడీకోడ్ కొడితే లోపలి సీరియల్ నంబర్ కనిపిస్తుంది, దాంతో సరిచూడొచ్చు. అసెంబుల్డ్ సిస్టమ్స్‌లో చాలాసార్లు నంబర్ బదులు "టు బీ ఫిల్డ్ బై ఓఈఎం" అని వస్తుంది. తయారుచేసినవాడు నింపలేదు, కొన్నవాళ్లూ నింపలేదు!

"ఇంత కష్టం దేనికి, నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ పెడితే అదే లెక్కేస్తుంది కదా" అనే ఫ్రెండ్స్ ఉన్నారు. ఆన్‌లో ఉండి, నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్‌నే అది చూడగలదు. బీరువాలోని ప్రొజెక్టర్, చచ్చిపోయిన యూపీఎస్ దానికి కనబడవు. ఆర్‌ఎఫ్‌ఐడీ పెడదామా అంటే, మామూలు ట్యాగ్ లోహపు క్యాబినెట్ మీద అంటిస్తే సరిగ్గా చదవదు, దానికి వేరే రకం ట్యాగ్‌లు కొనాలి. కొన్నా, ఆ సిస్టమ్ పనిచేస్తోందా లేదా అనేది ట్యాగ్ చెప్పదు.

అది చెప్పగలిగేది ల్యాబ్ అసిస్టెంట్ అన్న ఒక్కడే. ఏ సిస్టమ్‌లో ర్యామ్ తీసి ఏ సిస్టమ్‌లో వేశారో, ఏ మానిటర్ ఏ సార్ రూముకి వెళ్లిందో ఆయనకి నోటికొచ్చు. మరి ఎందుకు రాయడు? "లేదు" అని రాస్తే మొదటి ప్రశ్న ఆయనకే, జీతంలో కట్ చేస్తామనే మాట కూడా ఆయనకే. తీసుకెళ్లిన సార్‌ని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. అలాంటప్పుడు నేనైనా "వర్కింగ్" అనే రాస్తాను. నిజం చెప్పినవాడికే శిక్ష పడేచోట ఎంత ఖరీదైన స్కానర్ కొన్నా అబద్ధాలే స్కాన్ అవుతాయి.

కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లోని 213వ రూల్ స్థిరాస్తుల్ని ఏడాదికి కనీసం ఒక్కసారైనా సరిచూడమంటుంది. మన దగ్గర ఏడాది మధ్యలోనే సగం వస్తువులు గదులు మారతాయి. కాబట్టి మూడు మార్పులు కావాలి. వస్తువు కదిలిన రోజే, తీసుకెళ్లినవాళ్ల సంతకంతో ఒక్క లైను రాయాలి, అది హెచ్‌ఓడీ సార్ అయినా సరే. తాళం వేసున్న గదికి "చూడలేదు" అని వేరే గడి ఉండాలి, దాన్ని "లేదు"తో కలపకూడదు. వెరిఫికేషన్‌లో బయటపడిన తేడాని ముందు సరిదిద్దాలి, సంజాయిషీ ఆ తర్వాత అడగాలి.

మన వంతు కూడా ఉంది. మౌస్ పక్క సిస్టమ్‌కి మార్చినా అన్నకి చెప్పి మార్చండి. ఈసారి వాలంటీర్లని పిలిస్తే పేరివ్వండి. చేతిలో ప్రింటవుట్ పెడితే మర్యాదగా తిరిగిచ్చేసి, ఖాళీ షీట్ అడగండి.