పెట్టెలు పెరిగాయి, నెట్టు తగ్గింది

పోయిన ఏడాది మా హాస్టలు విద్యార్థులం వార్డెన్ గారి గది ముందు బైఠాయించి ఒక కోరిక నెగ్గించుకున్నాం. అంతస్తుకు మూడు చొప్పున ఉన్న వైఫై పెట్టెలు ఆరయ్యాయి. ఆ మహజరు రాసినవాణ్ణి నేనే, చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణీ నేనే. కనుక ఈ మాట చెప్పవలసిన బాధ్యతా నాదే. మిత్రులారా, మనం అడిగింది తప్పు!

పెట్టెలు రెట్టింపయ్యాక జరిగిందేమిటి? రాత్రి తొమ్మిది దాటితే ఫోనులో గీతలన్నీ నిండుగానే ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఆఖరి రాత్రి మా పక్కగది మిత్రుడు ఫోను పట్టుకుని మేడమీదికీ కిందికీ పరుగులు తీశాడు. పేజీ తెరుచుకునేసరికి గడువు దాటిపోయింది. ఆ డబ్బు మీద ఇంటి దగ్గర ఎంత ఆశ పెట్టుకున్నారో నాకు తెలుసు.

కారణం వెతికితే నాకే సిగ్గేసింది. 2.4 గిగాహెర్ట్జ్ బాండులో మన దేశంలో 13 చానళ్ళున్నాయి. కానీ చానలుకూ చానలుకూ మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒక్కో పెట్టె ఆక్రమించే వెడల్పేమో సుమారు 20. అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండాలని సాధారణంగా మూడే వాడతారు: 1, 6, 11. దగ్గర దగ్గరగా ఉన్న రెండు పెట్టెలు ఒకే చానల్లో ఉంటే ఒకటి మాట్లాడేదాకా రెండోది ఆగుతుంది. ఆలస్యమైనా వంతు ఉంటుంది. ఒకటి 1లోనూ రెండోది 3లోనూ ఉంటే ఆ వంతు కూడా సరిగా సాగదు. ఒకదాని మాట రెండోదానికి రొద.

వినాయక చవితికి పక్కపక్క వీధుల్లో పందిళ్ళు వేసి, పోటీపడి మైకులు పెంచితే ఎవరి పాటైనా వినపడుతుందా? మన వసారాలో జరిగింది అదే. పెట్టెలన్నీ ఒకే వరసలో బిగించారు, పైగా పూర్తి పవరు పెట్టారు. అడ్డులేని వసారాలో ఈ చివరి సిగ్నలు ఆ చివరిదాకా పోతుంది. గదిలోకి పోవాలంటే మాత్రం గోడా, ఇనప బీరువా అడ్డం. మూల గదులకు మొదట్లో నెట్టు అందకపోవటానికి కారణం పెట్టెలు తక్కువై కాదు, చోటు కుదరక.

మరి చేయవలసిందేమిటి? పెట్టెల్ని వసారాలోంచి గదుల వైపు జరపాలి. కింది అంతస్తులో వరసగా 1, 6, 11 పెడితే, మొదటి అంతస్తులో 11, 1, 6, రెండో అంతస్తులో 6, 11, 1 పెట్టాలి. అప్పుడు పక్కనా, పైనా, కిందా ఒకే చానలు ఎదురుపడదు. పవరు తగ్గించాలి. అదనంగా తెచ్చిన పెట్టెల్లో 2.4 ఆపేసి 5 గిగాహెర్ట్జ్ మాత్రం ఉంచాలి. అందులో చానళ్ళు చాలా ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. ఆ తక్కువే ఇక్కడ మనకు మేలు. పాత ఫోనులవాళ్ళకు 2.4 ఎలాగూ ఉంటుంది.

తప్పంతా యాజమాన్యానిదేనా? గదికో సొంత రౌటరు తెచ్చి పెట్టిందెవరు? రాత్రంతా ఫోను హాట్‌స్పాట్ వదిలేసేదెవరు? ఎవరికి వారు మైకు పెంచుకుంటూ రొద ఎక్కువైందని ధర్నా చేస్తే ఏం లాభం?

ఫిజిక్సు, ఎలక్ట్రానిక్సు శాఖల అధ్యాపకులకు ఒక విన్నపం. ఒక్క సాయంత్రం మాతో రండి. ఏ గదిలో ఏ చానలు ఎంత వినిపిస్తోందో ఫోనులతోనే కొలిచి పటం గీద్దాం. కొత్త కార్యవర్గం ఆ పటం పట్టుకుని వార్డెన్ గారి దగ్గరికి వెళ్ళాలి. ఈసారి స్కాలర్‌షిప్పు గడువు వచ్చేలోపే ఆ పని జరగాలి.