ముక్కోణపు చెక్కల కొలత

చదరముగా నున్న పొలమును కొలుచుటలో తగవులు తక్కువ. కాలువగట్టు ప్రక్కను, డొంక మలుపునను మిగిలిన ముక్కోణపు చెక్క దగ్గరనే అన్నదమ్ములకును, కౌలుదారునకును ఆసామికిని మాటపట్టింపులు పుట్టుచున్నవి. దీనికి కారణము దురాశకంటె లెక్క తెలియకపోవుటయే యని మా యభిప్రాయము.

చుట్టుకొలత వేఱు, విస్తీర్ణము వేఱు. మూడు ప్రక్కలను కూడినచో చుట్టుకొలత వచ్చును. కంచెకు ముళ్ళతీగ యెంత కావలెనో అది చెప్పును గాని, పంట పండు నేల యెంతో చెప్పదు. ఒక చెక్క ప్రక్కలు 2.60, 2.80, 3.00 గొలుసులనుకొందము. వేఱొక దానివి 2.00, 2.40, 4.00 గొలుసులు. రెంటి చుట్టుకొలతయు 8.40 గొలుసులే, కంచె ఖర్చు సమానమే. అయినను మొదటిది 33.6 సెంట్లు, రెండవది 18 సెంట్ల పైచిల్లర మాత్రమే. గట్టు చుట్టును నడచి వెలకట్టువారు మోసపోవుట యిందువలననే.

విస్తీర్ణము కట్టు విధము సులభము. ఒక ప్రక్కను తీసికొని, ఎదుటి మూలనుండి దానిమీదికి లంబము కొలిచి, రెంటిని హెచ్చవేసి సగము చేయవలెను. మొదటి చెక్కలో ప్రక్క 2.80, దానిపై లంబము 2.40, హెచ్చవేయగా 6.72, అందు సగము 3.36 చదరపు గొలుసులు. గొలుసు 66 అడుగులు, అనగా 100 లింకులు. 10 చదరపు గొలుసులు ఒక యెకరము. కావున 33.6 సెంట్లు, గుంటలలో 13.44. లంబమునకు మాఱుగా 2.60 ప్రక్కనే హెచ్చవేసినచో 36.4 సెంట్లు తేలును. లేని 2.8 సెంట్లకు కౌలు చెల్లించుట న్యాయమా?

లంబము సరిగా నుండుటకు 12 మూరల త్రాటిని 3, 4, 5 మూరలకు ముడులు వేసి ముక్కోణముగా లాగవలెను. 3, 4 మూరల భాగములు కలియు మూల లంబకోణ మగును. పైరు నిలిచియుండి లోనికి పోవీలులేనిచో మూడు ప్రక్కలే చాలును. చుట్టుకొలతలో సగము 4.20, దానినుండి ఒక్కొక్క ప్రక్కను తీసివేయగా 1.60, 1.40, 1.20, ఈ నాలుగింటిని హెచ్చవేయగా 11.2896, దాని వర్గమూలము మరల 3.36.

దశాంశ బిందువు నెడల మిక్కిలి జాగ్రత్త వలయును. 2 గొలుసుల 4 లింకులనగా 2.04 గాని 2.4 కాదు. పై లెక్కలో 2.40 లంబమును 2.04గా వ్రాసినచో 5 సెంట్లకు పైగా నేల కాగితముమీదనే మాయమగును. మీటరు టేపుతో కొలుచువారికిని ఇదే నియమము. సెంటునకు సుమారు 40.47 చదరపు మీటర్లు.

ఎరువు, విత్తనము, అప్పు అన్నియు నెకరపు లెక్కనే సాగుచున్నవి. కావున ప్రతి సహకార సంఘమును ఒక గొలుసునైనను టేపునైనను ఉంచి, ఉభయుల యెదుట కొలిపించి, లెక్క యంతయు కాగితముపై వ్రాసి యిరువురకును ఇయ్యవలెనని మా సూచన. రైతు సోదరులును ఆ కాగితమును నమ్మి మడిచి పెట్టుకొనక, తామే యొకసారి హెచ్చవేసి చూచుకొందురు గాక.