అద్దె యిల్లు, నాల్గవ ప్రశ్న

అద్దెకు వచ్చువాడు నెలనెలకు సొమ్ము చెల్లింపగలడా? ఇంటిని శుభ్రముగా నుంచునా? ఇరుగుపొరుగుతో మర్యాదగా మెలగునా? ఇంటి యజమాని యడుగదగినవి యీ మూడే. కాని హైదరాబాదు, విజయవాడ వంటి పట్టణములలో నేటికిని "మీరేమిట్లు?" అను నాల్గవ ప్రశ్న వినవచ్చుచునే యున్నది. కులమడుగ సిగ్గుపడువారు "మాంసము తిందురా?" అందురు. ముసుగు మాఱినది గాని ముఖము మాఱలేదు.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము దుకాణములు, హోటళ్లు, బావులు, రోడ్లు మున్నగువానియందు కులమునుబట్టి యెవరిని నడ్డగింపరాదన్నది. ఆ జాబితాలో అద్దె యిల్లు లేదని గృహస్థులకు ధైర్యము కాబోలు!

"మా యిల్లు, మా యిష్టము" అందురు. ఆ యింటి పునాది త్రవ్వినవారిని, ఇటుకలు మోసినవారిని కులమడిగితిరా? పుచ్చుకొను నోట్లనడుగుదురా? శ్రమకును ధనమునకును లేని మైల మనుష్యునకెట్లు వచ్చినది?

చదువుకొని ఉద్యోగమునకై పట్టణము చేరిన యువకుడు ఇంటిపేరు చెప్పగానే, "నిన్ననే మఱియొకరికి మాట యిచ్చితిమి" అను జవాబు విని వీధిన బడును. రేపు మఱియొక గుమ్మమున పేరు దాచి బొంకును. ఆ బొంకు పాపమెవరిది?

చదువరులారా! మీ గుమ్మమున టులెట్ పలక కట్టునాడు మూడు ప్రశ్నలతో నాగుడు. నాల్గవది నోట వెడలెనా, సభలలో మనము కొట్టిన చప్పట్లన్నియు వట్టివే.