సీసా మీద సంతకం ఎవరిది?

పాలోమా పికాసో గురించి ఎవరు రాసినా 1984 దగ్గరికి వచ్చేసరికి ఒకే వాక్యం రాస్తారు: ఆ ఏడాది ఆమె లోరియల్ కోసం తన పేరుతో ఒక పరిమళాన్ని సృష్టించింది అని. చదివినప్పుడల్లా చిరాకేస్తుంది. నగల పనిలో ఆమె ప్రతిభ మీద నాకు పేచీ లేదు. పికాసో కూతురన్న పేరు ఎన్ని తలుపులు తెరిచినా, నిలబడింది మాత్రం సొంత పనితోనే. ఇరవై ఏళ్లు వచ్చీరాని వయసులో పారిస్‌లోని ఫోలీ బెర్జేర్ నర్తకులు వేసుకునే మెరుపురాళ్ల దుస్తులతో హారాలు కట్టింది. దుస్తుల డిజైనర్ ఈవ్ సాఁ లోరాఁకి, గ్రీకు నగల సంస్థ జోలోటాస్‌కి పనిచేసి 1980లో అమెరికా నగల సంస్థ టిఫనీలో చేరింది. గోడల మీది పిచ్చిగీతలను బంగారంలోకి తెచ్చింది. టిఫనీ ఆ నగల మీద తన పేరుతోపాటు ఆమె పేరూ అచ్చు గుద్దింది. ఆ గౌరవం ఎంత విలువైనదో ఆమెకంటే తెలిసినవాళ్లు ఉండరు. మరి ఆమె పేరుతో వచ్చిన ఆ సెంటును కూర్చిన పెర్ఫ్యూమర్ ఫ్రాన్సిస్ బోక్రిస్. ఆ పేరు ఎంతమంది విన్నారు?

ఇది ఆమె ఒక్కదాని తప్పు కాదు, ఆ వ్యాపారం నడిచే తీరే అది. 1976లో నగల సంస్థ వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ ‘ఫస్ట్’ అనే సెంటు తెచ్చాక నగల దుకాణాలన్నీ వరసగా సెంటు దారి పట్టాయి. లక్షలు పెట్టి హారం కొనలేనివాళ్లకు అదే పేరున్న సీసా అమ్మొచ్చని కనిపెట్టాక ఇంకెవరు ఆగుతారు! ‘ఫస్ట్’ కూర్చిన జాఁ క్లోద్ ఎలెనా పేరు తర్వాత పెద్దదైంది కాబట్టి ఇవాళ గుర్తుచేసుకుంటున్నాం. అందరికీ ఆ యోగం లేదు. టిఫనీలో పాలోమాకంటే ముందే చేరిన ఎల్సా పెరెట్టి, హాల్‌స్టన్ సెంటుకు సీసా చేసింది. సెంటు మీద దుస్తుల డిజైనర్ హాల్‌స్టన్ పేరుంది, సీసా ఎవరిదంటే పెరెట్టిదని చెబుతారు. లోపలి ద్రవం బెర్నార్డ్ షాన్‌ది. ఒంటికి పూసుకునేది సీసానా, ద్రవాన్నా?

దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది. దర్శకుడు నటించడు, పాడడు, కెమెరా పట్టడు, అయినా సినిమా అతనిదే కదా అంటారు. ఏ వాసన కావాలో చెప్పి, వచ్చిన నమూనాలు వద్దంటూ, చివరికి ఒకటి ఒప్పుకునే అభిరుచి డిజైనర్‌దే అంటారు. ఒప్పుకుందాం. కానీ సినిమా మొదట్లోనో చివర్లోనో లైట్‌బాయ్‌ల దాకా పేర్లు పడతాయి. సెంటు పెట్టె మీద ఆల్కహాల్ శాతం ఉంటుంది, దిగుమతిదారు చిరునామా ఉంటుంది, కూర్చినవాడి పేరు మామూలుగా ఉండదు. పేరేస్తే మోజు తగ్గుతుందన్న భయమూ నిలవదు. ఫ్రెడరిక్ మాల్ అనే సెంటు వ్యాపారి 2000 నుంచి ప్రతి సీసా మీదా పెర్ఫ్యూమర్ పేరు వేసి అమ్మాడు. దివాలా తీయలేదు సరికదా, 2014లో ఎస్టీ లాడర్ ఆ సంస్థను కొనడానికి ముందుకొచ్చింది. చట్టమూ కూర్చినవాడి వైపు లేదు. 2006 జూన్‌లో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం సువాసనకు కాపీరైట్ వర్తించదంది. అదే వారంలో నెదర్లాండ్స్ న్యాయస్థానం వర్తిస్తుందంది. అక్కడైనా గెలిచింది లాంకోమ్ కంపెనీయే. ఆ కేసుకు మూలమైన ‘ట్రెజోర్’ సెంటును కూర్చిన సోఫియా గ్రోయ్స్‌మన్‌కు ఆ తీర్పుతో ఒరిగిందేమీ లేదు.

పారిస్ సంగతి మనకెందుకు అంటే, మన సంగతి అంతకంటే అన్యాయం కాబట్టి. బోక్రిస్ పేరు వెతికితే దొరుకుతుంది. మన వడ్డాణం చేసిన కంసాలి పేరు వెతికినా దొరకదు. హోర్డింగు మీద సినిమా తార నవ్వుతుంది, పెట్టె మీద దుకాణం పేరు మెరుస్తుంది, బిల్లులో తరుగు, మజూరీ అని రెండు అంకెలుంటాయి. ఆ మజూరీ ఎవరికి ముట్టిందో బిల్లు చెప్పదు. పోనీ జాడ పట్టడం సాధ్యం కాదా అంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ బంగారు నగ ఏదైనా హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాంకెల గుర్తింపు కోడ్ లేకుండా అమ్మకూడదు. ఆ కోడ్‌ను భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ నడిపే ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే వస్తువేమిటో, ఎంత స్వచ్ఛమో, పరీక్షించిన కేంద్రమేదో, నమోదైన నగల వ్యాపారి ఎవరో వస్తాయి. గ్రాము బంగారానికి ఇంత వంశవృక్షం రాసిన ప్రభుత్వానికి, దాన్ని నగగా మలిచినవాడికి ఒక్క గడి కేటాయించాలని తోచలేదు.

ఒక నగ పదిమంది చేతులు దాటుతుంది, పోతపోసేవాడొకడు, రాళ్లు పొదిగేవాడొకడు, మెరుగుపెట్టేవాడొకడు, ఎవరి పేరు వేస్తాం అంటారు వ్యాపారులు. పదిమందివీ వేయండి, లేదా పని జరిగిన కార్ఖానా పేరైనా వేయండి. అసలు బెంగ అది కాదు. పేరు తెలిస్తే కొనేవాళ్లు రెండోసారి నేరుగా అవుసుల ఇంటికే పోతారని. పని చేసినవాడికి గిరాకీ పెరగడమే నష్టమనుకునే వ్యాపారం ‘మా కళాకారుల అపూర్వ సృష్టి’ అని ప్రకటనలు వేయడం మానుకోవాలి. హెచ్‌యూఐడీ వచ్చిన కొత్తలో, 2021 ఆగస్టులో, అది మోయలేని భారమంటూ దుకాణాలు ఒకరోజు బందు పెట్టాయి. ఆ కోడ్‌తోనే ఇప్పుడు హాయిగా అమ్ముకుంటున్నాయి. యాప్‌లో ఇంకో గడి చేర్చమని బీఐఎస్‌ను అడగాల్సింది కొనేవాళ్లమే. వ్యాపారులు ఎలాగూ అడగరు.