మందుచీటీలో లేని మనిషి

రెండేండ్ల క్రిందట వైశాఖమాసమున మా బంధువుల యింట వివాహమునకై గోదావరి తీరమందలి యొక పట్టణమునకు వెళ్లియుంటిని. ముహూర్తము పదకొండు దాటిన తరువాత. అది పురోహితుని శ్రద్ధవలన కొంతయు, వీడియో తీయువారి శ్రద్ధవలన కొంతయు సాగి సాగి, వడ్డన మాట ఎవరికిని గుర్తులేని స్థితికి వచ్చినది. మా పినతండ్రిగారు డెబ్బది దాటినవారు, ఇరువదియేండ్లుగా ఇన్సులిన్ పుచ్చుకొనుచున్నవారు. ఆనాడును అలవాటు తప్పక ఉదయము ఏడింటికే సూది వేసికొని, రెండు ఇడ్లీలు మాత్రము తిని, పండ్రెండింటికి విస్తరి ముందు కూర్చుండవచ్చునను భరోసాతో మండపములో ముందువరుస కుర్చీలో ఆసీనులైరి.

ఒంటిగంట కావచ్చుచుండగా ఆయన ధోరణి మారినది. ఎన్నడును గొంతెత్తి మాటాడి యెరుగని మనిషి మంచినీళ్లు తెచ్చిన పిల్లవానిపై అకారణముగా కసరుకొనిరి, తుడిచినచోటనే మరల చెమట పట్టుచుండగా జేబురుమాలుతో నుదురు తుడుచుకొనుచు, పెండ్లిమండపములో కూర్చుండి, "బస్సెప్పుడొస్తుందిరా?" అని నన్నడిగిరి. వెనుక కుర్చీలోని పెద్దమనిషి యొకడు, పొద్దున్నే పుచ్చుకొన్నాడేమోనని ప్రక్కవానితో గుసగుసలాడి నవ్వెను. నేను పరుగున వంటశాలకు పోయి గ్లాసులో పంచదార కలిపి తెచ్చునంతలో, బంధువులలో పెద్దముత్తైదువ యొకామె అడ్డుపడి, "షుగరున్నాయనకి పంచదార నీళ్లా! ఇంకేమన్నా ఉందా?" అని గ్లాసు నా చేతినుండి తీసి ప్రక్కన పెట్టెను. ఆమె మాటలోని నిశ్చయమునకు నేనును జంకితిని. ఈ విషయము చెప్పుటకు నేటికిని సిగ్గుపడుచున్నాను. ఆ తర్జనభర్జనలో గడచిన ఐదారు నిమిషములలో మా పినతండ్రిగారు కుర్చీనుండి ప్రక్కకు జారిపోయిరి. అప్పుడు, అంతకుముందు ఇవ్వగూడదన్న చేతులే, స్పృహలేని ఆ నోటిలో గోలీసోడా పోయనారంభించెను. పెండ్లికొడుకు తరఫున వచ్చిన యొక నర్సు పిల్ల జనమును త్రోసికొని వచ్చి, సీసా లాగివేసి, ఆయనను ప్రక్కకు ఒత్తిగిలించి పరుండబెట్టి, 108కి ఫోను చేయించి యుండకపోయినచో, ఆ సోడా ఊపిరితిత్తులలోనికి పోయియుండెడిదే. అంబులెన్సులో వచ్చిన యువకుడు వ్రేలు గుచ్చి చూడగా మీటరులో కనబడిన అంకె 31. సిరలోనికి డెక్స్‌ట్రోజు ఎక్కించిన కొన్ని నిమిషములకు మా పినతండ్రిగారు కన్నులు తెరచి, చుట్టును మూగిన ముఖములను వింతగా చూచి, "ఏరా, భోజనాలయ్యాయా?" అనిరి.

ఆ మండపములో నిరక్షరాస్యులు లేరు. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, అమెరికానుండి వచ్చిన ఇంజనీర్లు ఉండిరి. వారిలో సగముమంది యిండ్లలో ఈ వ్యాధి ఉన్నదే. వారికి తెలియనిది వైద్యశాస్త్రము కాదు, దానిలోని రెండవ సగము. షుగరు ఉన్నవారు తీపి ముట్టగూడదను మొదటి సగమును మనము ఎంత గట్టిగా బోధించితిమనగా, తీపి యొక్కటియే ప్రాణము నిలుపగల ఘడియ వచ్చినప్పుడు కూడ ఆ బోధయే చేయి పట్టి వెనుకకు లాగుచున్నది. ఇది ప్రజల అజ్ఞానమని నేననను; మనము నేర్పిన పాఠమే.

మెదడు తూకమున శరీరములో నూటికి రెండు పాళ్లే గాని, విశ్రాంతిగా నున్నప్పుడు శరీరము ఖర్చుచేయు శక్తిలో ఐదవవంతును అదియే అనుభవించును. అందులకు దినమునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు దానికి కావలయును. ఇంత తినెడు ఈ అవయవము తన యింట గింజ దాచుకొనదు. రక్తము తెచ్చిపెట్టినదే దానికి గతి. రక్తములో గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకు దిగినప్పుడు శరీరము హెచ్చరిక చేయును: చెమట, వణకు, గుండెదడ, ఆకలి. 54కు దిగువకు పోయినప్పుడు ఆకలి మెదడుకే తగులును. మాట తడబడును, కోపము వచ్చును, మనిషి తన మనిషి కాకుండ పోవును. బీటా బ్లాకరు జాతి రక్తపోటు మాత్రలు వాడువారిలో వణకు, దడ మరుగున పడి చెమట మాత్రమే మిగులవచ్చును. ఇక ఇతరుల సాయము లేనిదే కోలుకొనలేని స్థితి వచ్చినచో దానిని వైద్యులు తీవ్రమైన లో షుగరు అందురు. ఈ నిర్వచనమును గమనింపుడు: ఇందులో అంకె లేదు, ప్రక్కవాడున్నాడు. ప్రక్కవాడు కావలసి వచ్చుటయే ఈ స్థితికి లక్షణమైనప్పుడు, ఆ ప్రక్కవానికి ఎవరును ఏమియు చెప్పకపోవుట ఎంతటి విడ్డూరము!

ఈ ఆపదయు, దాని విరుగుడును నిన్న మొన్న తెలిసినవి కావు. 1921-22 శీతకాలమున టొరంటోలో ఇన్సులినును శుద్ధిచేయుచున్న కాలిప్ అను జీవరసాయనవేత్త, తన కుందేళ్లు మందు ఎక్కువై మూర్ఛలతో కొట్టుకొని పడిపోవుటయు, గ్లూకోజు ఇచ్చినంతనే లేచి కూర్చుండుటయు చూచెను. మనుష్యునికి ఆ మందు తొలిసారి గుచ్చినది 1922 జనవరిలో. మందు పుట్టిన శీతకాలముననే విరుగుడును పుట్టినదన్నమాట. నూరేండ్లు గడచినను ఆ కుందేళ్ల పాఠము మన పెండ్లిమండపములకు చేరలేదు.

చేయవలసినది కష్టమైనదియు కాదు. మనిషి మేలుకొని మ్రింగగలిగియున్నచో, మూడు నాలుగు చెంచాల గ్లూకోజు పొడి గాని పంచదార గాని నీటిలో కలిపి త్రాగించవలెను. అది సుమారు పదునైదు గ్రాములు. అరగ్లాసు పండ్లరసమైనను చాలును. పదునైదు నిమిషములాగి మరల పరీక్షింపవలెను. 70 దాటనిచో మరియొకసారి అంతే ఇయ్యవలెను. మీటరు చేతిలో లేనిచో దానికై వెదకుచు కాలయాపన చేయక ముందు తీపి ఇచ్చుట మేలు, ఏలయన ఒక గ్లాసు పంచదార నీటివలన పెరిగెడు షుగరు రేపు దిగును. పెండ్లియిల్లు గదాయని లడ్డూయో మైసూరుపాకో చేతిలో పెట్టుట మాత్రము పొరపాటు. నేయి జీర్ణమును మందగింపజేయుటవలన అందలి తీపి రక్తములోనికి ఆలస్యముగా చేరును. చాక్లెటు సంగతియు అంతే. ఇంకొక సూక్ష్మము, మన ఊళ్లకు మిక్కిలి అవసరమైనది: భోజనము తొలిముద్దతో వేసికొనుమని ఇచ్చెడు వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడువారిలో పంచదార విడిపోవుటయే ఆలస్యమగును, వారికి గ్లూకోజు పొడియే ఇయ్యవలెను. రోగి "నాకేమీ కాలేదు" అని గ్లాసు త్రోసివేయవచ్చును. ఆ మాట ఆయనది కాదు, ఆకలిగొన్న మెదడుది. వాదించక, బుజ్జగించి త్రాగించుటయే పని.

స్పృహ తప్పినచో నియమము తలక్రిందులగును. అప్పుడు నోటిలో ఏదియు పోయరాదు. నీరు కాదు, సోడా కాదు, తీర్థము కూడ కాదు. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి 108ని పిలువవలెను, పిలిచినప్పుడు షుగరు మనిషియని చెప్పవలెను. గ్లూకగాన్ అను హార్మోను కాలేయములో దాగిన నిలువను రక్తములోనికి వెడలించును. దానిని 1923లోనే గుర్తించిరి. పాశ్చాత్యదేశములలో దానిని ఇంటిలోనివారే తొడకు గుచ్చుటయు, నేడు ముక్కులో పొడిగా చిమ్ముటయు పరిపాటి. మన పట్టణపు మందుల అంగడిలో అడిగినచో అంగడివాడు మన ముఖము చూచును. వందరకముల మాత్రలకు చోటున్న బీరువాలో దీనికి చోటు లేకపోవుటకు నాకు కారణము కనబడదు.

కన్ను తెరచినంతనే కథ ముగిసినదనుకొనుట రెండవ పొరపాటు; మా యింట అదియును జరిగినది. ఆసుపత్రినుండి సాయంకాలమునకే తీసికొని పోదమని తొందరపడినవారు కొందరు. త్వరగా ఎక్కిన తీపి త్వరగానే దిగిపోవును గనుక, వెనువెంటనే అన్నమో ఇడ్లీయో కడుపునిండ పెట్టవలెను. కాలేయపు నిలువ అప్పటికే ఖాళీయై యుండును గనుక ఆ రాత్రి మరల పడిపోవు ప్రమాదము ఎక్కువ. గ్లైబెన్‌క్లమైడు వంటి మాత్రలు వాడు వృద్ధులలో, అందును మూత్రపిండములు నీరసించినవారిలో, ఆ ప్రభావము ఒకటి రెండు దినములు విడువక పట్టియుండును. అట్టివారిని ఆసుపత్రిలోనే కనిపెట్టియుండవలెను. పైగా ఒకసారి పడిపోయిన శరీరము మరుసటిసారి హెచ్చరికలు మందముగా పంపును. చెమటయు దడయు లేకయే నేరుగా మనిషి ఒరిగిపోవచ్చును. దీనికి విరుగుడు భయపడి ఇన్సులిన్ మానుటయు కాదు, గంటగంటకు తీపి కుక్కుటయు కాదు. వైద్యునితో కూర్చుండి, మోతాదు ఎక్కడ తప్పినదో తేల్చుకొనుట. ఆ తప్పు ఒక్కొక్కసారి సిరంజిలోనే యుండును. మన దేశమున సీసాలలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ వచ్చును, పెన్నులో వేయు గొట్టములలో 100 యూనిట్లది వచ్చును. ఎర్రమూతగల నలుబది యూనిట్ల సిరంజితో ఈ గొట్టములోనిది లాగి గుచ్చినచో రెండున్నర రెట్ల మందు లోనికి పోవును. పెన్ను చెడిన దినమున ఇంటిలో ఇట్టి పని చేయని పొదుపరులు ఎందరు?

నేను కోరునది ఒక్కటియే: ఇన్సులిన్ వ్రాసిన చీటీ ఇద్దరికి ఇయ్యవలెను. సూది వేసికొనువానికి ఒకటి, వానితో ఒక కప్పు క్రింద నివసించువారికి ఒకటి. ఆ రెండవవారిని పేరు పెట్టి పిలిచి, ఎదుట కూర్చుండబెట్టి, గ్లాసులో ఎన్ని చెంచాలో, ఏ స్థితిలో పోయరాదో చెప్పి పంపవలెను. పూటకు అరువదిమందిని చూచు వైద్యునికి తీరిక ఎక్కడిదని అందురు. వైద్యుడే చెప్పనక్కరలేదు, సూది పట్టుట నేర్పు నర్సు ఐదు నిమిషములు చెప్పిన చాలును. భారత వైద్య పరిశోధనా మండలి 2023లో ప్రకటించిన అధ్యయనము దేశమున మధుమేహులు 10 కోట్ల 10 లక్షలని తేల్చినది. వారందరును ఇన్సులిన్ వాడువారు కారు. వాడువారిలో కొద్దిమంది ప్రక్కన మాత్రమే విషయమెరిగిన మనిషి యున్నను ఆ ఐదు నిమిషముల ఖర్చు వచ్చినట్లే.

దీనికి అడ్డము వచ్చునది తీరిక కాదు, దాపరికము. బాల్యముననే ఈ వ్యాధి వచ్చిన ఆడపిల్లల తలిదండ్రులు, పెండ్లి సంబంధములు తప్పిపోవునని, సంగతి పెదవి దాటనీయరు. హాస్టలులో ఆ పిల్ల స్నానాలగదిలో తలుపు గడియ వేసికొని సూది గుచ్చుకొనును. నాకు తెలిసిన యొక కుటుంబములో ఇట్లే జరుగుచుండెడిది. ఒక తెల్లవారుజామున గదిలోని స్నేహితురాలికి ఆమె మూలుగు వినబడగా, పీడకల యనుకొని దుప్పటి సర్ది మరల నిద్రపోయెను. ఆ పిల్ల బ్రతికినది; అదృష్టముచేత. ఆ స్నేహితురాలు మాత్రము ముందే చెప్పలేదేమని ఆమెతో నెలదినములు మాటాడలేదు. నేను ఆ కోపము పక్షముననే యున్నాను. తలిదండ్రుల భయమును తేలికగా తీసివేయను, వారిని అట్లు భయపెట్టినది మన పెండ్లిసంతయే; అయినను, ఆ పిల్ల ప్రక్కన నిద్రించువారికి చెప్పకుండ దాచినది రహస్యమును కాదు, విరుగుడును.

మా పినతండ్రిగారికి ఆనాటి మధ్యాహ్నము ఏమియు జ్ఞాపకము లేదు. కసరిన పిల్లవాడు ఎవరో తెలిసికొని, వాని యింటికి పోయి వచ్చిరి. మా పిన్నిగారు మాత్రము ప్రతి నిమిషమును జ్ఞాపకముంచుకొన్నారు. ఆమె సంచిలో వక్కపొడి డబ్బా ఒకటి యుండును. వక్కలు ఏనాడో మానినారు, అందులో ఇప్పుడు గ్లూకోజు పొడి. క్రిందటి మాఘమాసమున మరియొక పెండ్లిలో ముహూర్తము యథాప్రకారము సాగుచుండగా, సరిగా పండ్రెండింటికి ఆమె లేచి వంటవారి వద్దకు పోయి, విస్తరిలో అన్నము, పప్పు, ఒక కూర వడ్డింపించుకొని తెచ్చి, అందరి యెదుట భర్త ఒడిలో పెట్టిరి. ఇంకా మాంగల్యధారణమైనా కాలేదు గదా పిన్నీయని ఎవరో నసిగిరి.

"ముహూర్తం సంగతి మీరు చూసుకోండి," అని ఆమె పప్పులో నేయి వేసిరి.