వాటా యింట చేరుటకు ముందు

బేతంచెర్లలో అద్దెయిల్లు వెదకుచున్న యొక సోదరి, నెలకు అద్దె యెంతవఱకు ఇయ్యవచ్చునని మాకు జాబు వ్రాసిరి. పెనిమిటికి బండల పాలిషు ఫ్యాక్టరీలో పని కుదిరినదట. మఱి రెండు కుటుంబములున్న మిద్దెలో ఒక గదియు వంటయిల్లును చూచిరట. అద్దె మాట తరువాత చూతము. వాటా యింటిలో సంసారమును కుంగదీయునది అద్దె కాదు, కరెంటును నీరును.

మీటరు మూడు వాటాలకు ఒక్కటియా, వాటాకొక్కటియా యని మొదట నడుగవలెను. ఆంధ్రప్రదేశమున గృహములకు కరెంటు ధర వాడుకతోబాటు హెచ్చును. 2022-23 సంవత్సరపు పట్టికలో మొదటి 30 యూనిట్లకు యూనిటు రూ. 1.90, ఆపైన 75 వఱకు రూ. 3, 125 వఱకు రూ. 4.50, 225 వఱకు రూ. 6. నెలకు 75 యూనిట్లు వాడు ఇల్లాలు తన సొంత మీటరుపై, ఇతర రుసుములు విడిచి, రూ. 192 చెల్లించును. అట్టి సంసారములు మూడు ఒకే మీటరుపై నున్నచో 225 యూనిట్లకు రూ. 1,017, వాటాకు రూ. 339. ఎవ్వరును ఒక్క దీపమైన అధికముగా వెలిగింపలేదు. అయినను నెలకు రూ. 147, ఏడాదికి రూ. 1,764 ఊరక పోయినవి. అద్దెలో నూరు రూపాయలు తగ్గించితినని యజమాని చెప్పినప్పుడు ఈ లెక్కను జ్ఞాపకము చేసికొనుడు. సబ్‌మీటరున్నచో యూనిటుకు ఎంత తీసికొందురో అడిగి, చేరిన దినముననే అంకెను వ్రాసికొనవలెను. నీళ్ల మోటారు ఎవరి మీటరుపై తిరుగునో కూడ కనుగొనుడు.

ఇక నీరు. ఈ ఊరు నాపరాతి సీమ. సున్నపురాతి నేలలో ఊరిన నీరు సాధారణముగా కఠినముగా నుండును. ఇంటిని చూడబోవునపుడు ఒక సీసా తీసికొనిపోయి, బోరునీరు పట్టి తెచ్చి, గుప్పెడు కందిపప్పు అందులో ఉడికించి చూడుడు. పప్పు మెదుగక మొండికెత్తినను, సబ్బు నురుగు రాకున్నను, త్రాగుటకు, వంటకు వేరు నీటిని కొనవలసి వచ్చును. ఆ వ్యయమును అద్దెలో చేర్చి లెక్కింపుడు. కొళాయి ఎన్ని దినముల కొకసారి వచ్చును, ఎవరు ముందు పట్టుకొందురు, వైశాఖమాసమున బోరు ఎండునా యను ప్రశ్నలను యజమానిని గాక ప్రక్క వాటా యిల్లాలిని అడుగవలెను. అదియు నీళ్లు పట్టు వేళ పోయి అడుగవలెను. ఆ వేళ బిందెల వద్ద నడచు మాటలు వినినచో మీరు ప్రశ్నింపకయే సగము తెలియును.

మరుగుదొడ్డి ఎంతమందికి ఒక్కటి? లోపల గడియ సరిగా పడునా? రాత్రివేళ దారిలో దీపమున్నదా? దానిని శుభ్రపఱచు వంతు ఎవరిది? అడుగుటకు సిగ్గుపడి చేరిన పిమ్మట ఏడాదిపాటు బాధపడుటకంటె ఇప్పుడే అడుగుట మేలు.

బండలు కోయు, నునుపు చేయు శాలలకు చేరువనున్న యిండ్లలో చప్పుడును తెల్లని దుమ్మును దండెముపైని బట్టలను విడువవు. పై మిద్దె యైనచో మధ్యాహ్నము రెండు గంటలకు పోయి చూడుడు. ఉదయమున చల్లగా నున్న గదియే ఆ వేళకు కొలిమివలె నుండవచ్చును. పెనిమిటికి రాత్రి పాళీ యున్నచో వీధితలుపు ఎన్ని గంటలకు మూయుదురో, తాళపుచెవి యొకటి మీకిత్తురో లేదో తేల్చుకొనవలెను. మాంసము వండరాదను నియమ మున్నచో ముందే చెప్పించుకొనుడు. కులమేమని యడిగిన యింటిని మఱచిపోవుటయే మంచిదని మా యభిప్రాయము.

అడ్వాన్సునకు రసీదు తప్పక తీసికొనుడు. 2021లో కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు పంపిన నమూనా చట్టము ప్రకారము నివాసగృహమునకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. నమూనా యెచ్చటనైన శాసనమగుటకు రాష్ట్రము స్వీకరింపవలెను గాని, బేరమాడునప్పుడు చెప్పుటకు పనికివచ్చును. పదునొకండు నెలల ఒప్పందము వ్రాయుదుము రండని యజమాని పిలిచినచో సందేహింపవలదు. ఏడాదికి మించిన కౌలు పత్రమును రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి చట్టము చెప్పుటచే ఆ యలవాటు వచ్చినది. ఖాళీ చేయుటకు ఎన్నాళ్లు ముందు చెప్పవలెనో, గోడల సున్నమునకు అడ్వాన్సులో ఎంత పట్టుకొందురో అందులో వ్రాయించుడు.

ఆ సోదరి ఇంకను అడ్వాన్సు ఇయ్యలేదట. మీటరు సంగతియు పప్పు సంగతియు తేల్చుకొని మరల వ్రాసినచో, అద్దె యెంత ఇయ్యవచ్చునో అప్పుడు చెప్పగలము.