అన్నం గేలానికి గుచ్చేది కాదు

అంబాజీపేట కొబ్బరి సంతలో కాయకో లెక్క ఉంటుంది. కురిడీలో గండేరాకి ఒక ధర, గటగటకి ఒక ధర. కొత్త కొబ్బరి క్వింటాలుకి ఒకటి, రెండో రకానికి ఇంకొకటి. తెల్లారేసరికి పేపర్లో పడతాయి. సంతలో లెక్క ఉండాల్సిందే, దానిమీదే ఇక్కడ వేల ఇళ్లు బతుకుతున్నాయి. ఆ లెక్క ప్రార్థన మందిరంలోకి వచ్చి, ప్రేమ అని పేరు పెట్టుకుని కూర్చుంది. నా గొడవ దానితోనే.

పోయిన వేసవిలో మా పక్క ఊళ్లో కొబ్బరి దింపు తీసే మనిషి ఒకాయన చెట్టు మీంచి పడ్డాడు. నడుము విరిగింది. కాళ్లలో కదలిక పోయింది. ఇంట్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఒకావిడ లేచి, వాళ్ల కోసం కానుక పోగుచేద్దామంది. పెద్దల్లో ఒకరు అడిగిన మొదటి మాట: "ఆయన విశ్వాసేనా అమ్మా?" కాదంది. "అయితే ముందు ఇంటావిడని ప్రార్థనకి రమ్మనండి. వాక్యం విననివ్వండి. తర్వాత చూద్దాం."

ఆమె వచ్చింది. మూడు ఆదివారాలు చివరి వరుసలో, కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుంది. మూడో ఆదివారం బియ్యం బస్తా ఇచ్చారు. మైకులో పేరు చదివారు, ఫొటో తీశారు. నాలుగో ఆదివారం ఆమె రాలేదు. "రొట్టె కోసం వచ్చింది, దొరికింది, పోయింది" అన్నారు. అప్పుడు నేను ఆ మందిరంలోనే ఉన్నాను. లేచి కాదనలేదు. ఇప్పుడు అంటున్నాను.

ఆయన్ని కాకినాడ ఆసుపత్రికి మోసుకెళ్లింది దింపు జట్టులో తోటివాళ్లు. తలా ఒక రోజు కూలి తీసి ఇచ్చారు. ఆ జట్టులో చర్చికి వెళ్లేవాళ్లున్నారు, గుడికి వెళ్లేవాళ్లున్నారు. డబ్బు పోగుచేసేటప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మా సంఘాల్లో పాతుకుపోయిన వాదం ఇది: మనిషికి చేయగల గొప్ప మేలు అతని ఆత్మను రక్షణలోకి నడిపించడం, కడుపు నింపడం దానికి దారి మాత్రమే, దారి గమ్యానికి చేర్చకపోతే ఖర్చు దండగ. ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. రాత్రంతా ఉపవాస ప్రార్థనలో మోకాళ్లమీద ఉండేవాళ్లు. నిత్యత్వం అనేది ఉందని నిజంగా నమ్మేవాడికి ఈ వాదం సహజంగానే తడుతుంది. కానీ అది యేసు చెప్పింది కాదు.

పదిమంది కుష్ఠురోగుల సంగతి లూకా రాశాడు. పదిమందీ బాగయ్యారు. తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే, వాడూ సమరయుడే. మిగతా తొమ్మిదిమంది ఏరని యేసు అడిగాడు. ఆయనకీ నొప్పి కలిగింది. అయినా ఆ తొమ్మిదిమంది ఒంటిమీదికి కుష్ఠు తిరిగి రాలేదు. మా లెక్కన అయితే ఆ రోజు పదింట తొమ్మిది వంతులు నష్టం.

మంచి సమరయుడి కథ ఆదివారం బడిలో బొమ్మలు వేయించి నేర్పుతాం. ఆ కథలో దెబ్బలు తిన్నవాడికి నూనె, ద్రాక్షారసం పోశారు, గాడిద ఎక్కించారు, సత్రంవాడికి రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా అయితే వచ్చేటప్పుడు ఇస్తానని చెప్పారు. అంత వివరంగా చెప్పిన కథలో బోధ ఒక్క మాట లేదు. బాగుపడినవాడు ఆ తర్వాత ఏ కొండమీద ఆరాధించాడో కూడా లేదు. యూదులకీ సమరయులకీ ఉన్న పెద్ద తగాదా ఆ కొండ గురించే. దాన్ని యేసు ఆ కథలోకి రానివ్వలేదు. మత్తయి ఇరవై అయిదో అధ్యాయంలో కుడివైపు నిలబడ్డ నీతిమంతులు, మేమెప్పుడు నీకు అన్నం పెట్టామని ఆశ్చర్యపోతారు. పెట్టిన అన్నం వాళ్ల లెక్కలో లేదు.

దీనికి మావాళ్లు తెచ్చే జవాబు ఒకటుంది: మనుషుల్ని పట్టే జాలరులు కావాలని ప్రభువే అన్నాడుగా అని. అన్నాడు. ఆ పిలుపు విన్న జాలరులు చేసిన మొదటి పని వలలు వదిలేయడం. ఎర వేయమని ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధిస్తుంది. క్రైస్తవులు చేసే ప్రతి సేవా మతం మార్చడానికేనని నాలుగు రోడ్ల సెంటర్లో నిలబడి తిట్టేవాళ్లున్నారు. మా పెద్దలు వాళ్లమీద మండిపడతారు. కానీ ఇద్దరి మాటా ఒకటే. అన్నం ఎర అని వాళ్లూ అంటున్నారు, మనమూ అంటున్నాం. వాళ్లు తప్పంటున్నారు, మనం పరిచర్య అంటున్నాం, అంతే తేడా. మా తాతల తరం పేటల్లో ఏ మాట పడిందో మరిచిపోయామా? పాలపొడికి మతంలో కలిశారు, గోధుమనూకకి కలిశారు అన్నారు వాళ్లని. బావి దగ్గరకి రానివ్వని ఊళ్లో, చదువు చెప్పి పక్కన కూర్చోబెట్టుకున్న చోటికి మనిషిగా నడిచి వెళ్లినవాళ్లని పట్టుకుని, నూకకి అమ్ముడుపోయారన్నారు. ఆ అవమానం మోసిన వాళ్ల మనవలం మనం, చెట్టు మీంచి పడ్డవాడి భార్యని పట్టుకుని రొట్టె కోసం వచ్చిందన్నాం.

సువార్త చెప్పొద్దని నేననడం లేదు. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట బయల్దేరి వచ్చి, గోదావరి డెల్టాలో నర్సాపురం చేరిన విలియం బౌడన్, జార్జి బీర్ చెప్పడానికే వచ్చారు. ఒకరిది రాతిపని, ఒకరిది చెప్పులు కుట్టే పని. వాళ్లు చెప్పకపోతే ఈ పాట్లన్నీ పడే సంఘమే ఇక్కడ ఉండేది కాదు. ప్రేమించినవాడు తనకి దొరికిన మంచిమాట దాచుకోలేడు, చెబుతాడు. కానీ చెప్పడం వేరు, వింటేనే పెడతాననడం వేరు. రెండోది బేరం.

మా ఊరికి దగ్గర్లోనే లంకల గన్నవరం. 1909లో చనిపోయిన డొక్కా సీతమ్మగారిది ఆ ఊరు. వైనతేయ దాటి వచ్చే బాటసారి ఏ వేళప్పుడు తలుపు తట్టినా వండి పెట్టిన ఇల్లు అది. కులం అడగలేదని, దొంగకి కూడా పెట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. జీవితంలో ఒక్కసారి అంతర్వేది స్వామిని చూద్దామని బయల్దేరిందట. దారిలో ఆగినచోట పెళ్లివారి గుంపులో పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. కాస్త ఓర్చుకోండి, సీతమ్మగారింటికి వెళ్తే అన్నం దొరుకుతుందని పెద్దలు సముదాయిస్తున్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది. యాత్ర అక్కడితో ఆపి, వాళ్లకంటే ముందు ఇంటికి చేరి పొయ్యి వెలిగించింది. ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవానికి పిలుపొచ్చినా ఆమె వెళ్లలేదు. ఇవాళ గన్నవరంలో కాలవ నీళ్లు నదిని దాటించే అక్విడక్టుకి ఆమె పేరు. 2024 నుంచి బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే.

ఈమె సంగతి ఒకసారి యౌవనస్థుల కూడికలో చెప్పాను. యేసు నామంలో చేయని నీతిక్రియలు మురికి గుడ్డలేనని ఒక కుర్రాడు యెషయాని చూపించాడు. బాబూ, యెషయా ఆ మాట అన్నది అన్యుల గురించి కాదు, తన సొంత జనం గురించి, తనని కూడా కలుపుకుని. సమరయుడి కథలో పక్కనుంచి తప్పుకుపోయింది యాజకుడు, లేవీయుడు. ఆగినవాడు, వాళ్లు అన్యుడనుకునేవాడు. యేసు ధర్మశాస్త్రం తెలిసిన పండితుడితో వెళ్లి అలా చెయ్యమన్నది ఆ అన్యుణ్ని చూపించే. కోనసీమలో నిలబడి ఆ కథ చెప్పాల్సి వస్తే ఆయన అంతర్వేది దారిలో వెనక్కి తిరిగిన ఆ ముసలమ్మని చూపించి ఉండేవాడని నేను నమ్ముతున్నాను. నా విశ్వాసం దానివల్ల పలచబడలేదు. ఆయన నా ఊరివాడిలా అనిపించాడు, అంతే.

పౌలు కొరింథీయులకి రాసిన ప్రేమ అధ్యాయం మనం పెళ్లిళ్లలో చదువుతాం. అది పెళ్లికి రాసింది కాదు. ప్రభువు బల్ల దగ్గర కలిగినవాళ్లు ముందే తినేసి, లేనివాళ్లని ఆకలితో కూర్చోబెట్టిన సంఘానికి రాసింది. ఉన్నదంతా బీదలకి పంచినా ప్రేమ లేకపోతే వ్యర్థమని అందులోనే ఉంది. ఈ మాట పట్టుకుని, చూశారా, పంచడం గొప్ప కాదని వాదిస్తారు. నిజమే, పంచడం ఒక్కటే చాలదు. మైకూ ఫొటోతో పంచిన బస్తాకి ఆ వాక్యం ఇంకా గట్టిగా తగులుతుంది.

మా సంఘానికి బీదల నిధి పుస్తకం ఒకటుంది. పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం, ఆ పక్కన "ఏ సంఘం" అని నాలుగో గడి. ఆ గడి కొట్టేయమని పెద్దల్ని అడిగాను. ఆలోచిస్తామన్నారు. రాతపూర్వకంగా మళ్లీ అడుగుతాను, ఈసారి సంఘం అందరి ముందూ.

చెట్టు మీంచి పడ్డాయన ఇంకా వాకిట్లో నులకమంచం మీదే ఉన్నాడు. వీపుమీద పుండ్లు పడ్డాయి. రోజూ కడిగి కట్టు కట్టాలి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. అది ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి మానేసి తల్లికి సాయంగా ఉంటోంది. మంగళవారం, శుక్రవారం పొద్దున్న నేను వెళ్తున్నాను. మిగతా అయిదు రోజులకి మనుషులు కావాలి.